మూడు పొరలు

హెడ్డు నట్లు నాలుగు. మూడు మాట విన్నాయి.
నాలుగోది రాత్రంతా కిరసనాయిల్లో నాని కూడా
అలకపాన్పు మీది అల్లుడిలా బిగుసుకునే ఉంది.
సుత్తి తీయబోయి ఆగాను.
మా సుభానీ మేస్త్రి అనేవాడు:
"బలం చూపిస్తే నట్టు రాదురా, మర పోద్ది."

రాజోలు కాలవగట్టున మా షెడ్డు.
బండి ఎజ్డీ. భీమవరంలో రొయ్యల మేత అమ్మే కుర్రాడు
పాత ఇనుం కొట్లో తూకానికి కొన్నాడు.
"అంతా ఒరిజినల్ ఉండాలన్నా. ఒక్క ముక్క మారకూడదు,"
ఫోన్లోంచి తలెత్తకుండా చెప్పి వెళ్ళాడు.

బ్యారెల్ లాగితే పిస్టన్ బయటపడింది,
నెత్తిన మాడిన అట్టుతో.
మసి గోకితే కింద బాణం గుర్తు
ఇంకా సైలెన్సరు వైపే చూస్తోంది.
రింగులు గాళ్ళలో కరుచుకుపోయాయి.
గోరు తగిలితే పైది రెండు ముక్కలు.

టూ స్ట్రోక్ కదా మరి.
నాలుగడుగుల పని రెండడుగుల్లో తెమల్చాలి.
పిస్టన్‌కి వేరే నూనె గిన్నె ఉండదు,
పెట్రోల్లో కలిపి పోసిందే తాగాలి,
ఒళ్ళు తడుపుకున్న ఆ నూనెనే
తగలబెట్టుకుంటూ పోవాలి.

పిన్ను క్లిప్పు తీస్తుంటే టప్పున ఎగిరింది.
నేనూ, మా ఏసుపాదమూ, టీ తెచ్చిన పిల్లాడూ,
ఊరికే చూడ్డానికొచ్చిన పోస్టుమానూ
మోకాళ్ళ మీద.
అయస్కాంతానికి ఇనప పొడి దొరికింది,
ఎవరిదో పిన్నీసు దొరికింది.
క్లిప్పు మాత్రం లేదు.

కేసు రెండుగా విడదీస్తే
అడుగున చిటికెడు ఒండ్రు, ఆవగింజంత నత్తగుల్ల.
బిగ్ ఎండు బేరింగు చేత్తో ఊపితే
ముసలి పన్నులా కదిలింది.

మాగ్నెటో మూత లోపల, గుడ్డ పీలికలో చుట్టి,
మడతలు పెట్టిన ఫిల్ము ముక్క.
వెలుతురికి పట్టాను. నాలుగు బొమ్మలు.
రంగులన్నీ వెలిసి ఇటుక పొడి ఎరుపు మిగిలింది.
గడియ మీద ఒక ఆడమనిషి చెయ్యి.
నాలుగింటిలోనూ గడియ కదల్లేదు.

మర్నాడు కడలి నూకరాజు సైకిలు దిగాడు,
ట్యాంకు మీద సొట్ట చూసి.
"ఇది నాదేనండి."
ఒక్క ప్రింటు, రెండు హాళ్ళు.
ఇక్కడ తిరిగిన రీలు చల్లారకుండానే
మలికిపురం మోసేవాడట, రాత్రికి నాలుగు ట్రిప్పులు.
"ఓ వానలో లాకుల కాడ ఇంజనీళ్ళు తాగేసిందండి.
డబ్బా నెత్తినెట్టుకుని పరిగెత్తా.
అక్కడ ఇంటర్వెల్లు ముప్పావు గంట.
సోడాకొట్టోడు ఇల్లు కట్టాడు."

ఫిల్ము ముక్క చూపించాను. నవ్వాడు.
"పాయింట్ల గ్యాపుకండి. గేజీకి డబ్బులెక్కడివి?
ఒక పొర లూజు. రెండు పొరలూ చాల్లేదు. మూడు సరిపోయింది."
రీలు తెగినచోట కత్తిరించుకున్నాడట.
"ఆ ముక్క ఏ హాల్లోనూ ఎవరూ చూళ్ళేదు లెండి."

అంటే సెకనులో ఆరో వంతు.
తలుపు దగ్గరికొచ్చిన ఆమె
రెండూళ్ళ జనానికీ
ఒక్క గెంతులో లోపలికొచ్చేసి ఉంటుంది.
ఈలలు వేసే ఉంటారు.

ఆయన వెళ్ళాక నా స్టీలు గేజీతో కొలిచాను.
వెంట్రుకవాసి తేడా.

క్రాంకు రాజమండ్రి లేతుకు వెళ్ళింది.
సైలెన్సరు గొట్టాలు కొబ్బరి డొక్కల మంటలో
నల్లగా కక్కుకుంటున్నాయి.
మిగతా ఇంజనంతా నాలుగు బేసిన్లలో
పెట్రోలు కింద, ఏం మాట్లాడకుండా ఉంది.
ఆ ముక్కని మళ్ళీ మూడు పొరలు మడిచి,
పీలికలో చుట్టి
మూత పక్కనే పెట్టాను.

సాయంత్రం కుర్రాడు ఫోన్ చేశాడు.
"అన్నా, ఏమన్నా మార్చావా?"
రింగుల సంగతి రేపు చెబుదామనుకుని,
"క్లిప్పొకటి," అన్నాను,
చూపు ఇంకా ఇసుక మీదే ఉంచి.